తప్పు డప్పుది కాదు, స్పీకరుది

జంగారెడ్డిగూడెంలో మైకుసెట్టు మాట్లాడేటప్పుడు మనం అడిగేది ఒక్కటే: ఎంత దూరం వినిపిస్తుంది? ఎలా వినిపిస్తుందని అడగం.

మనలో చర్చిలో గిటారు వాయించే మిత్రులకు ఈ తేడా తెలుసు. గిటారు బాక్సులోని 12 అంగుళాల కాగితపు కోను సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన స్వరాన్ని బాగా తగ్గిస్తుంది. అందుకే తీగ కరుకుదనం చెవిలో గుచ్చుకోదు. బాక్సులన్నీ ఒకటి కావు. వెనక మూసి ఉంటే కింది స్వరం బిగువుగా, తెరిచి ఉంటే వదులుగా పలుకుతుంది. అదే గిటారును హారన్‌కు కలిపితే రేకుడబ్బా మోతే!

మన డప్పుకు జరిగేదీ ఇదే. మేకతోలును మంటకు కాచాక సిర్ర దెబ్బకు లేచే గుమ్మనే నాదాన్ని హారన్ పలకలేదు. చిటికెనపుల్ల టకటక మిగులుతుంది. అది విని పెద్దమనుషులు 'డప్పంటే గోలేగా' అని తేల్చేస్తారు. మన తాతలు చేతితో పలికించినదాన్ని వాళ్లు అసలు వినలేదని మేమంటాం.

వచ్చే వార్షికోత్సవానికి ప్రకటనలకు హారన్, డప్పుకు, గిటారుకు పెద్ద బాక్సులు పెట్టాలని కమిటీని కోరుతున్నాం. అద్దె ఎక్కువే. భోజనంలో ఒక స్వీటు తగ్గినా మాకు అభ్యంతరం లేదు. ఆరో తరగతి తమ్ముళ్లను మాత్రం ఇంకా అడగలేదు.