సాక్షి మాట – కోర్టు వ్రాత

సివిలు వ్యాజ్యములలో సత్యనిర్ణయమునకు ఆధారములు రెండు: దస్తావేజు, వాఙ్మూలము. దస్తావేజు లేని పేదకును, చదువురాని స్త్రీకిని వాఙ్మూలమే దిక్కు. అట్టి వాఙ్మూలము నోటినుండి కాగితము మీదికి వచ్చులోపల ఎవరి మాటగా మారుచున్నదో మనము విచారింపవలసియున్నది.

1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడునందు 18వ ఆర్డరు ఈ విషయమును విధించుచున్నది. అప్పీలునకు వీలుగల దావాలలో సాక్ష్యమును న్యాయాధిపతి స్వయముగా గాని, తన యెదుట తన పర్యవేక్షణమున గాని కోర్టు భాషలో వ్రాయింపవలెను. ముగిసిన వెనుక దానిని సాక్షి సమక్షమున చదివి, తప్పులున్న దిద్ది, న్యాయాధిపతి సంతకము చేయవలెనని నాటి 5వ నిబంధనము. 1976లో ఈ నిబంధనమును మార్చి వ్రాసినప్పుడు చదివి వినిపింపవలెనను మాట జారిపోయినది. సాక్షికి తెలియని భాషలో వ్రాసినచో అతని భాషలో తెలియజెప్పవలెనను 6వ నిబంధనము మాత్రము నిలిచియున్నది. పరాయి భాషలో వ్రాసినదానికి ఉన్న రక్షణ స్వభాషలో వ్రాసినదానికి లేకపోవుట వింత కాదా?

2002లో మరియొక మార్పు వచ్చినది. ముఖ్య విచారణ నోటిమాటగా గాక ప్రమాణపత్రముగా దాఖలు కావలెనట! కాలము కలిసివచ్చునని దీనికి సమర్థన. కాలము విలువ మేమెరుగుదుము. తాత వేసిన దావా మనుమనికి సంక్రమించు దేశము మనది. కాని వకీలు కచ్చేరిలో గుమాస్తా ఇంగ్లీషున కూర్చిన పత్రము క్రింద వేలిముద్ర వేసిన ముసలమ్మ, ఎదురు విచారణలో "ఈ మాట నీవు చెప్పినదేనా?" యని యడిగినప్పుడు తెల్లబోయినచో, ఆమె అబద్ధీకురాలా? ఆ పత్రము ఆమెది కాదు. శిక్ష మాత్రము ఆమెది.

ఒక్క మాట మారిన నేమి యందురేమో! తండ్రి కూతునకు పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన భూమిని కట్నమని వ్రాసిన, ఆడుబిడ్డ సొత్తు అల్లుని సొత్తుగా కనబడును. చేబదులును వట్టి అప్పని వ్రాసిన, వడ్డీ లేని స్నేహము వడ్డీ వ్యాపారమగును. పాలునకు చేసికొనువానిని కౌలుదారని వ్రాసిన, వాని హక్కు స్వరూపమే మారును. అప్పీలు కోర్టు సాక్షి ముఖము చూడదు. ఈ వ్రాతనే చూచును.

ఉన్నత న్యాయస్థానపు భాష ఇంగ్లీషు గావున మొదటినుండి ఇంగ్లీషుననే వ్రాయుట మేలని కొందరి వాదము. అనువాదము అవసరమగుచో పిమ్మట చేయింపవచ్చును. మూలమే లేనిచో అనువాదము తప్పని చూపుట యెట్లు?

మేము కోరునవి మూడు. సాక్షి తెలుగున చెప్పినది తెలుగుననే వ్రాయబడవలెను. ప్రమాణపత్రము ప్రమాణము చేయువాని భాషలో నుండవలెను. వాఙ్మూలమును చదివి వినిపింపవలెనను విధి 5వ నిబంధనమున మరల చేరవలెను. సందిగ్ధమైన ప్రశ్నను, జవాబును యథాతథముగా వ్రాయుటకు 10వ నిబంధనము ఇప్పటికే అధికార మిచ్చుచున్నది. దానిని వాడుకొనుటకు క్రొత్త చట్ట మక్కరలేదు.

శాసనము మారువరకు చేతులు కట్టుకొని కూర్చుండ నేల? చదువుకొన్న ప్రతి గృహస్థుడును, గృహిణియు తమ యింటి పెద్దలకును, పనివారికిని ఈ యొక్క మాట నేర్పవలెను: "చదివి వినిపించిన గాని నేను చేవ్రాలు చేయను."