దేశాన్ని పోగొట్టింది కారోయి కాదు

మొదటి ప్రపంచయుద్ధం తరువాతి ట్రియనాన్ సంధిలో హంగరీ మూడింట రెండు వంతుల నేల పోగొట్టుకోవడానికి, యుద్ధం ముగిశాక కొన్ని నెలలు దేశాన్ని నడిపిన కౌంట్ మిహాయ్ కారోయే కారకుడని ఆ దేశంలో చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. 2012లో పార్లమెంటు పక్కనున్న ఆయన విగ్రహాన్ని షియోఫోక్ పట్టణానికి తరలించేశారు. ఈ నమ్మకం అబద్ధం. అసలు దోషుల్ని దాచే అబద్ధం.

తేదీలు చూడండి. ట్రాన్సిల్వేనియాను రుమేనియాకు ఇస్తామని మిత్రరాజ్యాలు రహస్య ఒప్పందం చేసుకున్నది 1916 ఆగస్టులో. కారోయి అధికారంలోకి వచ్చింది 1918 అక్టోబరు 31న, యుద్ధం ఓడిపోయాక. ఆ యుద్ధాన్ని చివరిదాకా ఈడ్చినవాళ్లు వేరు. కారోయి 1916లోనే శాంతి కోరుతూ సొంత పార్టీ పెట్టాడు. ట్రియనాన్‌లో సంతకం చేసిందేమో ఆ తరువాత వచ్చిన అడ్మిరల్ హోర్తి పాలన!

కారోయి అమెరికా అధ్యక్షుడు విల్సన్ మాటల్ని అతిగా నమ్మిన మాట నిజం. సైన్యాన్ని ఇళ్లకు పంపడంలో ఆయన ప్రభుత్వం తొందరపడింది కూడా. అయితే సైనికులు అప్పటికే తమంత తామే ఊళ్లదారి పట్టారు.

ఆయన పుట్టిన దొరల వర్గం క్షమించలేనిది మరొకటుంది. 1919 ఫిబ్రవరి 23న కాపోల్నలో తన ఎస్టేటును తానే రైతులకు పంచడం మొదలుపెట్టాడు. అప్పుల్లో మునిగిన భూమి కాబట్టే పంచాడంటారు. అప్పులున్న దొరలు ఇంకెందరో ఉన్నారు, వాళ్లెవరూ పంచలేదే! భార్య కతింక ఆంద్రాషీల ఆడపడుచు. ఆమెకు బాబాయి, తరువాత మారుటితండ్రి అయిన ద్యులా ఆంద్రాషి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యపు చివరి రోజుల్లో విదేశాంగ మంత్రి. 1921లో రాజు కార్ల్‌ను మళ్లీ గద్దెనెక్కించే ప్రయత్నంలో పాల్గొన్నాడు. అలాంటి ఇంటి అల్లుడు రిపబ్లిక్‌కు అధ్యక్షుడయ్యాడు, భూమి పంచాడు. ఆ బంధువర్గానికి ఇంతకన్నా ద్రోహం ఏముంటుంది? హోర్తి కాలపు కోర్టు ఆయన్ను దేశద్రోహిగా ప్రకటించి ఆస్తి జప్తు చేసింది. కతింక మాత్రం పుట్టింటి వైపు వెళ్లలేదు, భర్తతోపాటు ప్రవాసంలో బతికింది.

దేశాన్ని కమ్యూనిస్టులకు అప్పగించాడన్నది మరో నింద. 1919 మార్చిలో ఇంకా వెనక్కి జరగమని మిత్రరాజ్యాల తాఖీదు వచ్చినప్పుడు ఒప్పుకోలేక దిగిపోయాడు. పాలన సోషల్ డెమోక్రాట్లు చేపడతారనుకున్నాడు. వాళ్లే జైల్లో ఉన్న కమ్యూనిస్టు నేత బేలా కున్‌తో చేతులు కలిపారు. ఆయన కమ్యూనిస్టుల మనిషే అయితే 1949లో కమ్యూనిస్టు పాలకులు తమ మాజీ మంత్రి లాస్లో రాయిక్ మీద నడిపిన బూటకపు విచారణను నిరసించి పారిస్ రాయబారి పదవి వదులుకునేవాడా? 1955లో ఫ్రాన్సులోని వాన్స్‌లో, రెండోసారి ప్రవాసిగా కన్నుమూశాడు.