రాజముద్రయు తంగేడు పూవును



విరాటపర్వమును ఇంట చదువుకొన్నవారెల్లరు ఈ ఘట్టమును ఎరుగుదురు. జమ్మిచెట్టుమీది ఆయుధములను దింపించిన పిదప బృహన్నల ఉత్తరునకు కౌరవసేనను చూపుచు, జెండాలనుబట్టి వీరులను గుర్తు చెప్పును. బంగారు వేదిక గల జెండా ద్రోణునిది. పాము గలది దుర్యోధనునిది. తాటిచెట్టు గలది భీష్మునిది. అయితే ఆ కథకే మరియొక కొస గలదు. యుద్ధమునకు బయలుదేరునపుడు చిన్నది ఉత్తర, తన బొమ్మపొత్తికలకు కౌరవుల రంగురంగుల వస్త్రములు తెచ్చిపెట్టుమని అడిగినది. యుద్ధము ముగిసినది. జెండాలు ఏమైనవో గాని, ఆ గుడ్డలు మాత్రము ఒక ఆడపిల్ల బొమ్మలపెట్టెను చేరినవి.

గడచిన దసరానాటి నుండి ఈ కథ మా మనస్సున మెదలుచునే యున్నది. ఆనాడు సిద్దిపేటలో మా వీధిలోనికి ఒకడు పంజరమున పాలపిట్టను తెచ్చెను. దసరానాడు పాలపిట్ట కనబడిన శుభమని మన నమ్మకము గదా! మేమును పది రూపాయలిచ్చి, పిల్లలతో కూడ చూచి దండము పెట్టితిమి. ఎనిమిదేండ్ల మా అమ్మాయి మాత్రము పంజరమును వదలలేదు. "అమ్మా, ఇది మన రాష్ట్రపక్షి అని బడిలో చెప్పినారు గద. మరి దీని రెక్కలకు దారమెందుకు కట్టినారు?" అని అడిగినది. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఒక పక్షి, ఒక పూవు, ఒక చెట్టు రాజ్యమునకు గుర్తు అగుట యనగా నేమి? ఆ గుర్తును కాపాడవలసినవారెవరు? ఈ నెల ఆ మాటయే ముచ్చటింతము.

మన ముత్తవ్వల కాలమున సిద్దిపేట నైజాము రాజ్యమున మెదకు జిల్లాలోనిది. ఆ రాజ్యము సముద్రము లేని దీవి వంటిది. చుట్టును ఇంగ్లీషువారి యేలుబడి. లోపల నిజాము పరిపాలనము. 1798లో జరిగిన సంధితో ఇంగ్లీషువారి సైన్యము హైదరాబాదున కుదురుకొన్నది. ఇతర రాజ్యములతో నిజాము స్వతంత్రముగా వ్యవహరించుటకు వీలులేకపోయెను. ఇంటిలోపలి పెత్తనము మాత్రము ఆయనదే. అందుచేత ఆ రాజ్యమునకు తన తపాలా, తన రైలు, తన నాణెము ఉండెడివి. చార్మినారు బొమ్మ గల ఆ రూపాయను హాలీ సిక్కా యనెడివారు. 1918 నుండి కాగితపు నోట్లును వచ్చినవి.

ఆ రాజ్యపు జెండా పసుపుపచ్చనిది. నడుమ గుండ్రని కుల్చా రొట్టె. మొదటి నిజాము ఆకలిగొని యుండగా ఒక సూఫీ మహాత్ముడు ఆయనకు రొట్టెలు పెట్టెననియు, ఆయన ఏడు తినగా ఏడు తరములు రాజ్యమేలుదువని దీవించెననియు ఒక కథ చెప్పుదురు. కథ ఎట్లున్నను, వంటింటి రొట్టె జెండాకెక్కుట మనకు ముచ్చటగానే యుండును.

1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. పిమ్మట ఏడు హాలీ రూపాయలకు ఆరు భారతీయ రూపాయల చొప్పున మారకము జరిగినది. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటే పోయినది. మా అత్తగారి పెట్టెలో నేటికిని రెండు సిక్కాలున్నవి. దీపావళినాడు లక్ష్మీపూజలో పెట్టి, మరునాడు తుడిచి దాచెదము. వానితో చిటికెడు ఉప్పును రాదు. ఇంగ్లీషు రెసిడెంటు కొలువుదీరిన కోఠీ భవనమో, 1949లో ఆడపిల్లల కళాశాలకు దక్కినది. ఉత్తర బొమ్మలపెట్టె కథ ఇట్లు మరల జరిగినదనిపించును.

ఇది మనకొక్కరికే కలిగిన అనుభవము గాదు. నిజముగా సముద్రము నడుమనున్న దీవిని చూడుడు. ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ మహాసముద్రములో నార్‌ఫోక్ అను చిన్న దీవి గలదు. వైశాల్యము సుమారు 35 చదరపు కిలోమీటర్లు. జనులు రమారమి రెండు వేలమంది. ఆస్ట్రేలియాకు లోబడిన ఆ దీవికి 1979 నాటి చట్టముతో స్వపరిపాలనము లభించినది. తమ శాసనసభను తామే ఎన్నుకొనిరి. ఇరువైపుల ఆకుపచ్చ, నడుమ తెలుపు గల జెండాపై తమ దీవిలో సహజముగా పెరుగు పైన్ చెట్టును నిలుపుకొనిరి. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ఆ శాసనసభను రద్దు చేసినది. సభ పోయినను చెట్టు పోలేదు. అది సభవారు పుట్టించినది కాదు గదా!

ఇక మన సంగతి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రాజముద్రను చిత్రించినారు. అందు కాకతీయుల తోరణము, చార్మినారు, పైని అశోకుని సింహములు గలవు. 2024 మే మాసమున ఆ ముద్రను మార్చుటకు యత్నము జరుగగా పత్రికలనిండ వాదములు చెలరేగినవి. క్రొత్త ముద్ర ఆవిష్కరణము వాయిదాపడినది. తోరణముండవలెనా, చార్మినారుండవలెనా యని పెద్దలు తర్కించుకొనిరి.

2014లోనే ప్రభుత్వము మరి నాలుగు గుర్తులను ప్రకటించినది. అవి పాలపిట్ట, జింక, జమ్మిచెట్టు, తంగేడు పూవు. వీనిపై అంతటి కలహమును మేము వినలేదు. కారణము స్పష్టము. ప్రభుత్వము వీనిని క్రొత్తగా కల్పింపలేదు. మన గడపలనుండి ఎత్తుకొన్నది. బతుకమ్మను పేర్చునపుడు తంగేడు లేక చేయి సాగునా? దసరానాటి సాయంకాలము జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మ్రొక్కని పిల్లలుందురా? రాష్ట్రము విడిపోకమునుపు ఆంధ్రప్రదేశమునకును పాలపిట్టయే గుర్తు. 2018లో వారు రామచిలుకను ఎన్నుకొనిరి. ఈ మార్పేమియు పిట్టకు తెలియదు. అది నాడు ఎగిరిన చేలమీదనే నేడును ఎగురుచున్నది.

అయినను, ఇంటినుండి వెళ్లిన గుర్తు ప్రభుత్వమువారి కాగితమున భద్రముగా నున్నదని మనము నిశ్చింతగా నుండరాదు. మేము ఈ ఊరికి కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఊరి వెలుపలి బీళ్లనిండ తంగేడు విరగబూసి యుండెడిది. పిల్లలు తెల్లవారుజామున పోయి గంపలకొలది తెచ్చెడివారు. ఇప్పుడా బీళ్లలో హద్దురాళ్లు పాతినారు. క్రిందటి సద్దుల బతుకమ్మకు మేము తంగేడును బజారున కొంటిమి. కొమ్మలతోనే నరికి తెచ్చిన ఆ మోపులను చూడగా, వచ్చు ఏటికి ఆ పొదయే మిగులునా యని భయము కలిగినది. జమ్మిచెట్టుకును అదే గతి: ఆకులు చాలవని రెమ్మలు, రెమ్మలు చాలవని కొమ్మలు విరుచుచున్నారు.

పాలపిట్ట మాట చెప్పనే అక్కరలేదు. అడవిపక్షులను పట్టి బంధించుట 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టమునకు విరుద్ధము. మా ఇంటివారు బడిపంతులు. ఆ సాయంకాలము వారీ సంగతి చెప్పగా మాకు తల వంచుకొనవలసి వచ్చినది. చూచువారు డబ్బిచ్చుచున్నారు గనుకనే పట్టువాడు పట్టుచున్నాడు. "దారమెందుకు కట్టినారు?" అని మా అమ్మాయి యడిగినది గదా! ఆ దారమును కొన్నది మా పది రూపాయలే. రాత్రి దానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "తప్పు మనదే బిడ్డా" అని చెప్పితిమి. తల్లి నోట ఆ మాట వచ్చుట దానికి క్రొత్త. చాలసేపు మా ముఖమే చూచినది.

కావున సోదరీమణులు కొన్ని చిన్నపనులు తలపెట్టవలెనని మా మనవి. పంజరములోని పాలపిట్టకు పైసయు ఇయ్యవలదు. తంగేడు పూలను కోయుడు, కొమ్మ నరకవలదు; నరికిన మోపులు కొనవలదు. పండుగ వెళ్లిన పిదప ఎండిన తంగేడు కాయలను ఏరి దాచుడు. గింజ పొట్టు గట్టిది గావున ఒక రాత్రి నానవేసి, తొలకరిలో చెరువుకట్ట ప్రక్కనో, చేని గట్టుననో చల్లుడు. అది మెట్టనేల మొక్క. మొలిచి నిలద్రొక్కుకొన్న పిదప నీరు పోయు శ్రమ పెట్టదు. జమ్మి ఆకు గుప్పెడు వలదు, ఇంటికొక రెమ్మ చాలును. మా ఇంటివారు తమ బడి ఆవరణమున ఒక జమ్మి మొక్కను నాటినారు. పిల్లలు వంతులవారీగా దానికి నీరు పోయుచున్నారు.

రాజముద్రను సచివాలయమువారు కాపాడుకొందురు. తంగేడును కాపాడువారు బతుకమ్మ పేర్చు చేతులవారే.

వచ్చు దసరానాడు మా అమ్మాయిని చేలగట్ల వెంట తీసికొనిపోవ నిశ్చయించితిమి. తీగలమీదనో, మోడుమీదనో పాలపిట్ట కనబడిన మా భాగ్యము. కనబడకున్న, ఎక్కడనో హాయిగా ఎగురుచున్నదని తలంచి దండము పెట్టి ఇంటికి వచ్చెదము.