మా ఊరి బర్రెకున్న హక్కు మీ ల్యాబ్రడార్‌కి లేదు

మా టీములో ఆరుగురికి కుక్కలున్నాయి, ఇద్దరికి పిల్లులు. అప్రైజల్స్‌ని తిట్టేటప్పుడు తప్ప ఒక్క మాట మీద ఉండని ఈ ఎనిమిదిమందీ నెల రోజులుగా ఒక ఎక్సెల్ షీటు చుట్టూ చేరారు. అడ్డంగా ఇన్సూరెన్సు కంపెనీలు, నిలువుగా ప్రీమియం, కవరేజీ మొత్తం. ప్రీమియం మీద సార్ట్ కొట్టి పైకి తేలినదాన్ని కొనేయడం ప్లాను. "ఏది చవకో నువ్వూ ఒకసారి చూసి చెప్పన్నా" అని నాకూ పంపారు. చూశాను. ఆ షీటు తప్పు. లెక్కలు తప్పని కాదు, అసలు ఆ గడుల్లో ఉన్నవి పోల్చదగ్గ అంకెలే కావు.

ఎందుకు కావో చెప్పాలంటే మా ఊరి బర్రె దగ్గర మొదలుపెట్టాలి. నవ్వకండి, కాస్త ఓపిక పట్టండి.

మాది తరిగొప్పుల. 2016 అక్టోబరులో జనగామ జిల్లాలో మండలం అయ్యింది గానీ, అంతకుముందు వరంగల్ జిల్లా నర్మెట్ట మండలంలో ఒక ఊరు, అంతే. వానాధారపు పంటలు, బర్రెలు, కొమురవెల్లి మల్లన్నకి మొక్కుకునే గొల్లకురుమల గొర్లు. మా దగ్గర మనిషికి హెల్త్ ఇన్సూరెన్సు అనే మాట తెలియకముందే పశువుకి బీమా అనే మాట తెలుసు. 1970లలో సాధారణ బీమాని జాతీయం చేశాక బ్యాంకు లోను మీద కొన్న పశువులకి పాలసీలు మొదలయ్యాయి. 2005-06లో కేంద్రం వంద జిల్లాల్లో సగం ప్రీమియం తనే భరిస్తూ పశు బీమా పథకాన్ని ప్రయోగంగా పెట్టింది, తర్వాత అది నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో కలిసింది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం రైతు వాటాని ప్రీమియంలో 15 శాతానికి తగ్గించింది, మిగతాది కేంద్రమూ రాష్ట్రమూ పంచుకోవాలి. గొర్లు, మేకలైతే అంతకుముందు 5 పశు యూనిట్ల వరకే ఉండేది, దాన్ని 10 చేశారు. ఒక యూనిట్ అంటే పది జీవాలు, అంటే వంద గొర్ల దాకా అన్నమాట.

నేను చెప్పాలనుకున్నది సబ్సిడీ గురించి కాదు, రూల్సు గురించి. ఆ పథకం మార్గదర్శకాల్లో క్లెయిముకి కావలసిన కాగితాలు నాలుగంటే నాలుగే అని రాసుంది: కంపెనీకి కబురు చేసినట్టు రుజువు, పాలసీ కాగితం, క్లెయిమ్ ఫారం, పశువుల డాక్టరు ఇచ్చే పోస్టుమార్టం రిపోర్టు. అవి అందాక 15 రోజుల్లో డబ్బివ్వాలి. బర్రె విలువ ఎంతో రైతు, డాక్టరు, కంపెనీ మనిషి ముగ్గురూ కూర్చుని ముందే తేల్చుకోవాలి. చెవికి ట్యాగు ఉండాలి, ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదు. ఎంత కటువుగా ఉన్నా, ఇందులో అర్థం కాని ముక్క ఒక్కటైనా ఉందా?

అంతా సజావుగా నడుస్తుందని చెప్పడం లేదు. మా పెద్దమ్మ బర్రె గొంతువాపుతో పోయినప్పుడు (కంపెనీ పేరు అనవసరం) డబ్బులు చేతికొచ్చేసరికి ఎండాకాలం పోయి వానాకాలం వచ్చింది. ట్యాగున్న చెవిని కోసి తెమ్మన్నారు. "గింత పాపం చేయిస్తరా బిడ్డా పైసలకు" అని ఆవిడ ఏడ్చింది. కానీ ఒక్క విషయం గమనించండి. సంతకం తప్ప రాయడం రాని ఆ మనిషి దవాఖానకి పోయి "నాలుగు కాయితాలు ఇచ్చిన, పదిహేను రోజులన్నరు, రెండు నెలలాయె, ఏమాయె?" అని అడిగింది. అడగడానికి ఆవిడకి ఒక అంకె ఉంది. అక్కడున్న కాంపౌండరు ఆ అంకెనే పట్టుకుని కంపెనీకి ఉత్తరం రాసిపెట్టాడు.

ఇప్పుడు గచ్చిబౌలికి రండి. మీ ల్యాబ్రడార్ పాలసీలో ఎన్ని కాగితాలో, ఎన్ని రోజులో, ఎవరు తేలుస్తారో మీకు తెలుసా? ఎంటెక్ చేసినవాళ్ళు ఎనిమిదిమంది ఉన్న టీములో ఒక్కరికీ తెలియదు. షీటులో ఆ కాలమే లేదు.

మన దేశంలో కుక్క పాలసీ అనేది బర్రె పాలసీకి పుట్టిన బిడ్డే. ప్రభుత్వ రంగ కంపెనీలు ఎప్పట్నుంచో అమ్ముతున్న కుక్కల పాలసీ చూడండి: మార్కెట్ ధర కట్టడం, దానిమీద శాతం లెక్కన ప్రీమియం, చస్తే డబ్బు. బర్రెకి ఇది సరిపోతుంది. ఎందుకంటే బర్రె పోతే పోయేది పాల మీద ఆదాయం. మీ కుక్క పోతే మీకు పోయే ఆదాయం ఏముంది? మీకు డబ్బు కావలసింది అది బతికుండగా, ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నప్పుడు. ఈ తేడాని గుర్తించి 2020లో అప్పటి బజాజ్ అలయన్జ్ ఆపరేషన్, హాస్పిటల్ ఖర్చులే ప్రధానంగా కుక్కల పాలసీ తెచ్చింది, తర్వాత పిల్లులకీ ఇచ్చింది. మరికొన్ని ప్రైవేటు కంపెనీలు అదే దారి పట్టాయి. మంచిదే. కానీ బర్రె పాలసీలోని పనికొచ్చే గుణం, అంటే అందరికీ ఒకటే రూలు ఉండడం, దారిలో ఎక్కడో జారిపోయింది. చెవి ట్యాగు బదులు మైక్రోచిప్ వచ్చింది గానీ నాలుగు కాగితాల లెక్క రాలేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. హైదరాబాదులో కుక్కలకి పిడుదుల జ్వరం మామూలు. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, నాలుగైదు రోజులు సెలైన్ ఎక్కించాలి. మన దగ్గర చాలా క్లినిక్కులు రాత్రి మూసేస్తారు. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటాం. ఇది "హాస్పిటలైజేషనా", "ఓపీడీనా"? రాత్రి బస ఉంటేనే హాస్పిటలైజేషన్ అని పాలసీలో రాసుంటే మీ లక్ష రూపాయల కవరు ఈ జబ్బుకి సున్నా. రెండో కంపెనీ ఏడాదికి పదిహేను వందలు ఎక్కువ అడిగి డే కేర్‌ని కూడా కలిపితే, మీ సార్టింగులో అది కిందకి పోతుంది. మనం ప్రోగ్రామర్లం కదా, రెండు ఏపీఐలు ఒకే పేరున్న ఫీల్డులో వేరే వేరే అర్థాలు పంపిస్తుంటే వాటిని పోల్చి చార్టు గీస్తామా? ముందు వాటిని రాసినవాణ్ణి నిలదీస్తాం. ఇక్కడ మాత్రం చార్టు గీస్తున్నాం.

మనుషుల ఆరోగ్య బీమాలో ఇదే గోల ఉంటే ఐఆర్‌డీఏఐ ఏం చేసింది? 2020 ఏప్రిల్ నుంచి ఆరోగ్య సంజీవని అని ఒకే మూసలో ఉండే పాలసీని కంపెనీలన్నీ అమ్మాలంది. మాటలకి అర్థాలు ఒకటే, మినహాయింపులు ఒకటే, ఇక ప్రీమియం మాత్రం పోల్చుకో. చవక అనే మాటకి అప్పుడొచ్చింది విలువ. కుక్కకీ పిల్లికీ అలాంటిదొకటి తెమ్మని మనమెందుకు అడగడం లేదు?

"అమెరికాలో చూడు, అక్కడ మార్కెట్టే చూసుకుంటుంది" అని డల్లాస్ నుంచి ఒక మిత్రుడి వాదన. అక్కడా మార్కెట్టు చూసుకోలేదండీ. 1982లో టీవీ కుక్క లాసీకి పాలసీ ఇచ్చి ఆ దేశంలో ఈ వ్యాపారాన్ని మొదలుపెట్టిన సంస్థ తర్వాత నేషన్‌వైడ్ చేతికొచ్చింది. ఆ నేషన్‌వైడే 2024లో దాదాపు లక్ష పెంపుడు జంతువుల పాలసీలని వదిలించుకుంటున్నానంది. ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టి, కుక్క ముసలిదయ్యాక, కొత్త కంపెనీకి పోతే పాత జబ్బులన్నీ మినహాయింపు. ఇలాంటి గొడవల వల్లే 2022లో అక్కడి బీమా కమిషనర్ల సంఘం ఒక నమూనా చట్టం రాసింది. జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ 30 రోజులు దాటకూడదు, ప్రమాదాలకి అసలు ఉండకూడదు, "ఇది పాత జబ్బు" అని నిరూపించాల్సిన భారం కంపెనీదే. చివరి రూలు మళ్ళీ చదవండి. మన దగ్గర కుక్క కుంటితే అది నిరుడు కుంటలేదని నిరూపించాల్సింది మనం!

ఇంకో వైపు నుంచి కూడా తిట్లు తిన్నాను. "ఊళ్ళో గొర్ల కాపరికి క్లెయిమ్ రాక ఏడుస్తుంటే నీకు కుక్కల పాలసీ మీద పడిందా బాధ" అని. కాపరి హక్కులో నేను కోత పెట్టమనలేదు. అతనికి కాగితం మీదున్న రూలు అమలు కావాలి. మనకి ఆ కాగితమే లేదు. రెండూ ఒకే ఆఫీసు ముందు అడగాల్సినవి.

సరే, కాగితం వచ్చేదాకా ఏం చేయాలి అంటారా? షీటులో ప్రీమియం కాలమ్‌ని చివరికి తొయ్యండి. ముందు హాస్పిటలైజేషన్ నిర్వచనం, ఒక్కో జబ్బుకి ఉపపరిమితి, మీ వాటాగా పెట్టుకోవాల్సిన శాతం, ఏ వయసు తర్వాత రెన్యువల్ ఆపుతారో ఇవి పెట్టండి. ఓపీడీ రైడరు, దొంగతనం రైడరు నా దృష్టిలో దండగ. చిన్న బిల్లులకి నెలనెలా బ్యాంకులో ఆర్‌డీ చాలు. మీరు తట్టుకోలేనిది ఒక్కసారిగా వచ్చిపడే పెద్ద బిల్లు, బీమా దానికే. కుక్క ఎవర్నైనా కరిస్తే ఇచ్చే థర్డ్ పార్టీ కవరు మాత్రం వదలొద్దు. జంతువుని అజాగ్రత్తగా ఉంచితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా ఉన్నాయి. ఆ శిక్ష ఏ పాలసీతోనూ తప్పదు, కానీ కరిపించుకున్నవాళ్ళకి కట్టాల్సిన పరిహారం వేరే సంగతి.

పిల్లులవాళ్ళకి: పద్నాలుగో అంతస్తులో ఉంటూ బాల్కనీకి వల కట్టకుండా పాలసీ కొనడం తెలివి కాదు. వల ఒక్కసారి ఖర్చు. టీకాల పుస్తకం జాగ్రత్త, అది పోతే టీకాతో ఆగే జబ్బులకి క్లెయిమ్ వస్తుందని ఆశ పెట్టుకోకండి. పార్వో కుక్కపిల్లని రెండు మూడు రోజుల్లో తీసుకెళ్ళిపోతుంది, మీ వెయిటింగ్ పీరియడ్ అయ్యేదాకా ఆగదు.

చివరగా వీధిలోంచి తెచ్చుకున్న కుక్కల సంగతి. నా దగ్గరున్నది అదే, మామూలు ఊరకుక్క. ప్రతిపాదన ఫారంలో "మార్కెట్ విలువ" అని ఒక గడి ఉంది. బర్రెకైతే రోజుకి ఎన్ని లీటర్లిస్తుందో చూసి కడతారు. దీనికి ఏం రాయమంటారని ఏజెంటుని అడిగితే "ఏదో ఒకటి రాసేయండి సార్, ప్రాబ్లం ఉండదు" అన్నాడు. నేను రాసిన అంకెని క్లెయిమ్ రోజున కూడా ఒప్పుకుంటామని కంపెనీ చేత మెయిల్లో రాయించమన్నాను. మూడు వారాలైంది, ఇంకా రాలేదు.