ఉతిక్ ఊరోళ్లు ముందు హద్దు గీసుకున్నారు, కాగితం తర్వాత వచ్చింది

పోస్టు పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి. ఇది మా హాస్టల్లో ఒక గది వాళ్లం కలిసి మాట్లాడుకుని రాస్తున్నది. మా ఇళ్లల్లో కాలేజీ దాకా వచ్చినోళ్లం మేమే మొదలు. అందుకే ఊరికి పోయిన ప్రతిసారీ కాగితాలన్నీ మా చేతికే ఇస్తారు: బ్యాంకు కాగితం, రేషన్ కాగితం, ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు, పోడు పట్టా. పట్టా గురించి అడగని ఇల్లు లేదు. ఊరి చుట్టూ ఉన్న అడవి గురించి, అది ఎవరి పేరు మీద ఉందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఆ రెండో ప్రశ్న అడిగి, నలభై ఏళ్లకు పైగా పట్టుబట్టి, చివరికి జవాబు రాయించుకున్న ఒక చిన్న ఊరు ఇండోనేషియాలో ఉంది. దాని పేరు సుంగై ఉతిక్. సుంగై అంటే వాళ్ల భాషలో నది. మన ఊళ్లకు వాగుల పేర్లు ఉన్నట్టే వాళ్ల ఊరికి కూడా. మాలో ఎవరం అక్కడికి పోలేదు. చదివినవి, వీడియోల్లో చూసినవి పెట్టుకుని చెప్తున్నాం.

ముందు ఆ ఊరు ఎక్కడుందో చూద్దాం. బోర్నియో అని పెద్ద దీవి. అందులో ఉత్తరం వైపు మలేషియాది, బ్రూనే అనే చిన్న దేశానిది. మిగతాదంతా ఇండోనేషియాది, దాన్ని కలిమంతాన్ అంటారు. పశ్చిమ కలిమంతాన్‌లో కపువాస్ అనే నది పారుతుంది. 1,143 కిలోమీటర్ల పొడుగు, ఆ దేశంలో అన్నిటికన్నా పొడుగు నది అదే. ఆ నది ఎగువన కపువాస్ హులు అనే జిల్లా. మలేషియా సరిహద్దు దగ్గర, చుట్టూ దట్టమైన వాన అడవి. ఆ అడవిలో ఉతిక్ నది ఒడ్డున ఈ ఊరు. జనం సుమారు 300 మంది. వాళ్లు డాయక్ ఆదివాసుల్లో ఇబాన్ తెగ వాళ్లు.

ఊరు అన్నాం గానీ, చూస్తే ఒకటే ఇల్లు. నేల నుంచి ఎత్తుగా స్తంభాల మీద కట్టిన కర్ర ఇల్లు, 200 మీటర్లకు పైనే పొడుగు, 28 గుమ్మాలు. ఒక్కో గుమ్మం వెనక ఒక్కో కుటుంబం గది, దాన్ని బిలిక్ అంటారు. గుమ్మాల ముందు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే పొడుగు వసారా ఉంటుంది. దాని పేరు రువాయ్. అది ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. అక్కడే చాపలు అల్లుతారు, పిల్లల్ని ఆడిస్తారు, చుట్టం వస్తే కూర్చోబెడతారు, తగవు వస్తే తీరుస్తారు, పంటల పండగ గవాయ్ చేసుకుంటారు. ఊరి పెద్దను తువాయ్ రుమాహ్ అంటారు, అంటే ఇంటి పెద్ద అనే. ఊరంతా ఒక్క ఇల్లే కదా మరి.

వాళ్ల సేద్యం కూడా మనకు తెలిసిందే. అడవిలో ఒక చెక్క కొట్టి, ఎండాక కాల్చి, కొండ వరి వేస్తారు. తర్వాత ఆ చెక్కను వదిలేసి ఇంకో చోటికి పోతారు. వదిలేసిన చోట మళ్లీ చెట్లు లేస్తాయి, కొన్నేళ్లకు మళ్లీ అక్కడికే వస్తారు. మనం దీన్ని పోడు అంటాం. అలా బీడు పెట్టిన నేలను ఇబాన్ వాళ్లు తెముడా అంటారు. పుస్తకాల్లో మనకు పోడు అంటే అడవి నాశనం అని ఒక్క లైనులో రాసి ఉంటుంది, పరీక్షలో మేమూ అదే రాసి మార్కులు తెచ్చుకుంటాం. మరి తరతరాలుగా పోడు కొట్టుకుని బతికిన ఈ ఊరి చుట్టూ అడవి ఎట్లా మిగిలింది? ఆ పుస్తకాలు రాసినోళ్లే చెప్పాలి.

అది మిగలడానికి కారణం వాళ్ల కట్టుబాటు. అడవిని వాళ్లు మూడు భాగాలు చేసుకున్నారు. కంపోంగ్ తారోహ్ అనే భాగంలో చెట్టు కొట్టకూడదు, పోడు వేయకూడదు. నీళ్లు పుట్టేది, జంతువులు పిల్లలు పెట్టేది అక్కడే. కంపోంగ్ గలావ్ అనే భాగంలో మందు మొక్కలు, వంటచెరకు లాంటివి కొద్దికొద్దిగా తెచ్చుకోవచ్చు, కానీ అది ఆపదకు దాచుకున్న అడవి. మూడోది కంపోంగ్ ఎందోర్ కెర్జా, పని చేసుకునే అడవి. ఇంటికి కావలసిన కలప అక్కడ కొట్టుకోవచ్చు. దానికి కూడా లెక్క ఉంది, ఒక కుటుంబం ఏడాదికి 30 చెట్లకు మించి కొట్టకూడదు. హద్దు దాటితే ఊరు జరిమానా వేస్తుంది. వాళ్లు అడవిని నాన్న అంటారు, నేలను అమ్మ అంటారు, నీళ్లను నెత్తురు అంటారు. ఆ మాట అందంగా ఉందని అందరూ ఫోటో మీద రాసి పెడతారు. ఆ మాట నిలబడింది మాత్రం 30 చెట్ల లెక్క వల్ల, జరిమానా వల్ల.

1967లో ఇండోనేషియా ప్రభుత్వం అటవీ చట్టం చేసింది. సుహార్తో పాలన మొదలైన కాలం అది. దాని కింద డాయక్ ఊళ్ల చుట్టూ ఉన్న అడవులను కలప కంపెనీలకు రాసిచ్చారు. తాతల నాటి నుంచి ఉన్నోళ్లు ఒక్క సంతకంతో దొంగలైపోయారు. ఈ కథ మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కంపెనీ వాళ్లు ఉతిక్ ఊరికి కూడా వచ్చారు. ఊరు వద్దంది. 1998లో సుహార్తో దిగిపోయాక సరిహద్దు పొడుగునా దొంగ కలప వ్యాపారం జోరుగా సాగింది. అవతలి వైపు నుంచి డబ్బున్నోళ్లు వచ్చారు, చుట్టుపక్కల చాలా ఊళ్లు చెట్లు అమ్ముకున్నాయి. వాళ్లను తప్పు పట్టాలని మాకు లేదు, చేతిలో డబ్బు లేనప్పుడు చెట్టు డబ్బులాగే కనిపిస్తుంది. ఉతిక్ వాళ్లు అప్పుడు కూడా వద్దన్నారు. ఊరి పెద్ద బండి అనే ముసలాయన. గడ్డం వల్ల అందరూ ఆయన్ని అపాయ్ జాంగ్గుట్ అంటారు, గడ్డం నాన్న అని అర్థం. 2023లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి ఆయనకూ ఇంకో ఇద్దరికీ కలిపి ఇచ్చారు. అంతకు ముందే 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఊరికి వచ్చింది.

బహుమతుల గురించి చాలామంది రాశారు. మాకు అంతకన్నా పనికొచ్చింది పటం సంగతి. 1981లో పోంతియానాక్ పట్నంలో చదువుకున్న కొందరు డాయక్‌లు, ఎక్కువగా టీచర్లు, కలిసి పాంచూర్ కాసిహ్ అనే సంస్థ పెట్టారు. వాళ్లూ మనలాగే అడవి ఊళ్ల నుంచి బడికి వచ్చినోళ్లు. ముందు బడి నడిపారు, తర్వాత పొదుపు సంఘం పెట్టారు, 1990లలో ఊరూరా తిరిగి జనం చేతనే పటాలు గీయించడం మొదలుపెట్టారు. ఏ వాగు ఎవరిది, ఏ గుట్ట దగ్గర పాత ఊరు ఉండేది, ఎక్కడ పళ్ల తోట, ఎక్కడ శ్మశానం, అన్నీ పెద్దలు చెప్తుంటే కాగితం మీదకు ఎక్కించారు. కంపెనీ పటంలో ఖాళీ అడవి అని ఉన్న చోట ఈ పటంలో పేర్లు నిండిపోయాయి. నాన్సీ పెలుసో అనే పరిశోధకురాలు 1995లో కలిమంతాన్ పటాల మీద రాస్తూ దీనికి ఒక పేరే పెట్టింది. మన మాటలో చెప్పాలంటే ఎదురు పటం.

ఆ పటాల పని కోర్టు దాకా దారి వేసింది. 1999 నాటి అటవీ చట్టంలో ఒక వాక్యం ఉంది: ఆచార అడవి అంటే ఆదివాసుల ప్రాంతంలో ఉన్న ప్రభుత్వ అడవి అని. ఆదివాసుల దేశవ్యాప్త సంఘం అమాన్ దాని మీద రాజ్యాంగ కోర్టుకు పోయింది. 2013 మే 16న కోర్టు ఆ వాక్యంలోంచి ఒక్క మాట తీసేసింది. ‘ప్రభుత్వ’ అన్న మాట. అంతే, ఆచార అడవి ప్రభుత్వానిది కాకుండా పోయింది. దానికి సరిగ్గా నాలుగు వారాల ముందు, ఏప్రిల్ 18న, మన సుప్రీంకోర్టు నియమగిరి మీద నిర్ణయం గ్రామసభలదే అని చెప్పింది. ఒడిశాలో 12 గ్రామసభలు కూర్చుని 12 కూడా గనులు వద్దన్నాయి. ఇక్కడ డోంగ్రియా కోందులు, అక్కడ డాయక్‌లు, ఒకళ్ల పేరు ఒకళ్లకు తెలియకుండానే ఒకే ఏడాది ఒకే మాట గెలిచారు.

అయినా తీర్పు వచ్చిన మర్నాడే కాగితం రాలేదు. మొదటి తొమ్మిది ఆచార అడవుల కాగితాలను వాళ్ల అధ్యక్షుడు 2016 డిసెంబరులో ఇచ్చాడు. సుంగై ఉతిక్ ఆ తొమ్మిదిలో లేదు. ముందు జిల్లా వాళ్లు ఈ జనాన్ని ఆచార సమాజంగా గుర్తించాలి, తర్వాత హద్దులు సరిచూడాలి, తర్వాత మంత్రిత్వ శాఖ సంతకం. 2020లో 9,480 హెక్టార్ల అడవి, అంటే దాదాపు 23,400 ఎకరాలు, ఊరి పేరు మీదికి వచ్చింది. ఏ ఒక్క కుటుంబం పేరు మీదా కాదు. 28 గుమ్మాలకూ కలిపి.

ఇక మన సంగతి. మన 2006 అటవీ హక్కుల చట్టంలో పోడు పట్టా ఒక్కటే లేదు. సెక్షన్ 3(1)(ఐ) కింద, ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు మొత్తం గ్రామసభకు ఉంది. సామూహిక అటవీ వనరుల హక్కు అంటారు. ఇండోనేషియా వాళ్లు కోర్టుకు పోయి తెచ్చుకున్నది మనకు పార్లమెంటు అప్పటికే రాసిచ్చింది. గోదావరి అవతల గడ్చిరోలిలో మెంఢా లేఖా అనే గోండు ఊరు 2009లోనే 1,800 హెక్టార్లకు హక్కు పత్రం తీసుకుంది, తర్వాత వెదురు తనే అమ్ముకుంది. మన ఊళ్లల్లో మాత్రం ఫారం ఏ గురించి తెలియనోళ్లు లేరు, ఫారం సి పేరు విన్నోళ్లు అరుదు. పట్టా మా ఇంటికీ కావాలి, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ పట్టా నాలుగెకరాలకు వస్తుంది. తునికాకు, ఇప్పపువ్వు, వెదురు, ఊట నీళ్లు, దేవుడి చెట్టు ఆ నాలుగెకరాల్లో ఉండవు. రేపు ఆ అడవిని ఇంకెవరికైనా ఇచ్చేస్తే పట్టా పట్టుకుని ఇంట్లో కూర్చోవాలి.

కొందరు అన్నలు అంటారు: వాళ్లు అందరూ ఒక ఇంట్లో ఉంటారు కాబట్టి ఒక మాట మీద ఉన్నారు, మన ఊళ్లో రెండు పార్టీలు నాలుగు వర్గాలు, ఎట్లా కుదురుతుంది అని. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఒకే కప్పు కింద 28 కుటుంబాలు ఉంటే తగవులు తక్కువ ఉంటాయా, ఎక్కువ ఉంటాయా? తగవు తీర్చుకోవడానికి వాళ్లకు రువాయ్ ఉంది. మనకు గ్రామసభ ఉంది, అది సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పే సభ అయిపోయింది. కూర్చుని మాట్లాడే సభ చేస్తే చాలు. ఇంకొందరు, బహుమతులు తిని బతుకుతారా అంటారు. ఇబాన్ వాళ్లు డబ్బు వద్దన్నోళ్లు కాదు. రబ్బరు పాలు తీసి అమ్ముతారు, బట్టలు నేసి అమ్ముతారు. రబ్బరు ధర పడిపోతే పోడు వరి తింటారు. అడవి ఉంది కాబట్టే ఆ రెండో దారి ఉంది.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది వాళ్ల ఇంకో ఆచారం. బెజలాయ్ అంటారు. కుర్రాళ్లు పొడుగిల్లు వదిలి దూర దేశం పోయి, పని చేసి, లోకం చూసి, ఏదో ఒకటి పట్టుకుని తిరిగి రావాలి. పాతకాలంలో కంచు గంటలు, పెద్ద జాడీలు తెచ్చేవాళ్లు. ఇప్పుడు మలేషియాలో కూలి చేసి డబ్బు తెస్తారు. ఉత్త చేతులతో వస్తే గౌరవం లేదు. మనం హాస్టళ్లకు రావడం కూడా బెజలాయే అనుకుంటున్నాం మేము. అయిదో తరగతిలో పెట్టె సర్దుకుని వచ్చాం. ఊరికి ఏం పట్టుకుపోతాం అన్నదే ప్రశ్న. ఉద్యోగం అందరికీ రాదు. చదవడం రాయడం అందరికీ వచ్చింది కదా.

అందుకే ఈ సెలవుల్లో ప్రతి ఊరి పిల్లలూ ఒక పని చేయాలని మా మాట. ఒక పెద్ద డ్రాయింగ్ షీటు కొని, తాతలను, అవ్వలను కూర్చోబెట్టి, ఊరి అడవి పటం గీయండి. చుట్టూ ఉన్న ఊళ్ల పేర్లు, వాగులు, ఊటలు, గుట్టలు, పశువుల మేత చోటు, దుంపలు తవ్వే చోటు, చేపలు పట్టే మడుగు, మందు చెట్లు, శ్మశానం, దేవర చోటు, అన్నీ మన భాషలో ఉన్న పేర్లతోనే రాయండి. అవ్వలను తప్పకుండా అడగండి, ఏరుకొచ్చేది వాళ్లే కాబట్టి సగం పేర్లు వాళ్లకే తెలుసు. పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అది కూడా సాక్ష్యమే అని మన చట్టం నిబంధనల్లోనే ఉంది. ఊళ్లో అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో, అందులో ఎవరున్నారో కనుక్కోండి. మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, ఉన్నారా అని అడగండి. తర్వాత ఫారం సి గ్రామసభలో పెట్టించండి. ఆఫీసులో తీసుకుంటే రసీదు అడగండి. తీసుకోకపోతే ఆ సంగతి ఇక్కడ రాయండి, అందరం చూసుకుందాం.

ఆ పేర్లు తెలిసిన ముసలోళ్లు ప్రతి ఏడాదీ కొందరు పోతున్నారు. కాగితం ఎప్పుడైనా రావచ్చు, పదేళ్లు పట్టినా వస్తుంది. పేరు చెప్పే మనిషి పోతే పటంలో ఆ చోటు ఖాళీగానే ఉంటుంది.

మీ ఊరి వాగు పేరు, దానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో కింద రాయండి. మా గది వాళ్ల ఆరు ఊళ్ల పేర్లు మేము మొదట రాస్తున్నాం.