మన బడి కమిటీలో ఎవరున్నారో మనకి తెలుసా?



గూడెంలో బడి సరిగా నడవకపోతే మనం వెంటనే "ఐటీడీఏ ఏం చేస్తోంది?" అంటాం. అడగాల్సిందే. కానీ మన బడి కమిటీలో ఎవరున్నారో మనలో ఎంతమందికి తెలుసు?

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. బడి ఎలా నడుస్తుందో చూడటం, ఏం కావాలో ప్లాన్ రాయడం, గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం వాళ్ల పని. 1996 పెసా చట్టమైతే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఇలాంటి సంస్థల మీద, అక్కడి ఉద్యోగుల మీద అదుపు గ్రామసభకి, పంచాయతీలకి ఉండాలని చెప్పింది.

మరి జరుగుతున్నదేంటి? మేము చూసిన చోట రిజిస్టరే ఇంటికొస్తుంది. అమ్మ వేలిముద్ర వేస్తుంది, మీటింగు అయిపోయినట్టే. తను మెంబరని ఆమెకే తెలీదు. ఒకవేళ మీటింగు పెట్టినా అంతా తెలుగులోనే. కువి మాట్లాడే అమ్మ అక్కడ ఏమని అడుగుతుంది?

పిల్లల కష్టం కూడా ఇదే. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, కువి, సవర, గోండి లాంటి 8 భాషల్లో వాచకాలు తెచ్చారు కాబట్టి అది కుదరని పనేం కాదు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో నెం.3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఆ పోరాటం ఆగకూడదు. కానీ అది తేలేదాకా ఒకటో తరగతి పిల్ల వయసు ఆగదు కదా!

అందుకే సెలవులకి ఊరెళ్లే హాస్టల్ పిల్లలం మనమే మొదలుపెడదాం. సంత లేని రోజు చూసి, పోడు పని నుంచి వచ్చాక అందరినీ కూర్చోబెడదాం.

ఒకటి, ఇంటింటికీ తిరిగి పిల్లల లిస్టు రాద్దాం: వయసెంత, ఏ బడి, వెళ్తున్నారా, మానేస్తే ఎందుకు మానేశారు.

రెండు, కమిటీలో ఎవరున్నారో, వాళ్లకేం అధికారం ఉందో మన భాషలో చెబుదాం. తీర్మానం చదివి వినిపించేదాకా ఎవరూ వేలిముద్ర వేయొద్దని చెబుదాం.

మూడు, పండక్కి ఇంటికొచ్చి మళ్లీ ఆశ్రమ పాఠశాలకి వెళ్లని పిల్లలుంటారు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికో, జీడిపిక్కలు ఏరడానికో ఆగిపోతారు. ఆ ఇళ్లకి ఎవరు వెళ్లి మాట్లాడాలో గూడెంలోనే పెద్దల్ని, కుర్రాళ్లని అనుకుని పంచుకుందాం.

"ఊరోళ్లే చూసుకుంటే గవర్నమెంటు తప్పించుకుంటుంది" అని కొందరంటారు. ఆ భయం నిజమే. కానీ టీచరు పని మనం చేద్దామనట్లేదు. ఉత్త చేతులతో వెళ్తే ఆఫీసులో "చూస్తాంలే" అంటారు. లిస్టూ, గ్రామసభ తీర్మానమూ పట్టుకుని కమిటీలోని అమ్మలే వెళ్తే సమాధానం చెప్పక తప్పదు.

ఈ సెలవుల్లో మీ గూడెంలో ఎన్ని ఇళ్లు, ఎంతమంది పిల్లలు, ఎంతమంది బడి మానేశారో రాసి ఇక్కడ పెట్టండి. పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు. మా గూడేల లెక్కలు మేమూ పెడతాం.