పసికందుల మెదడు - మొదటి నిమిషము

పుట్టిన బిడ్డ కెవ్వుమనకున్నచో పురిటియింటివారి గుండెలు జల్లుమనుట మనమెరిగినదే. ఊపిరి యందని ఆ కొలది నిమిషములలోనే మెదడునకు ప్రాణవాయువు చాలక కణములు నశింపనారంభించును. అట్లు దెబ్బతిని బ్రదికిన బిడ్డలలో కొందరు మూర్ఛలతోను, బిగుసుకొనిన కాలుసేతులతోను, ఎదగని మాటతోను పెరుగుదురు. ఇట్టి బిడ్డ కొరకు ఎవరేమి చెప్పినను నమ్మి, పొలమమ్మియైనను వైద్యము చేయింపబూను తండ్రులు మనలో లేకపోలేదు. వారిని దృష్టియందుంచుకొనియే నేడీ విషయమును చర్చింపబూనితిమి.

దెబ్బతిన్న పసిమెదడు తన్ను తాను బాగుచేసికొనునా యని యడిగినచో శాస్త్రము కొంతవరకు ఔననియే చెప్పుచున్నది. మెదడు లోపలి ద్రవపుగదుల యంచున మూలకణములు గలవు. 1981లో రైస్, వనూచి ప్రభృతులు ఏడు దినముల యెలుకపిల్లకు మెడలోని రక్తనాళము నొకదానిని కట్టి, ప్రాణవాయువు తక్కువైన గాలిలో నుంచి, పసికందులకు కలుగు గాయమును పోలిన గాయమును కల్పించు పద్ధతిని నెలకొల్పిరి. ఆ త్రోవను నడచిన పరిశోధకులు, గాయమైన కొలది దినములకే ఈ మూలకణములు విశేషముగా వృద్ధినొందుటను గనిరి. వీనిని మేలుకొలుపునవి వృద్ధికారకములను మాంసకృత్తులు. అందొకటి ఇ.జి.ఎఫ్. అనునది. పసి యెలుకల కనురెప్పలను వేళకు ముందే తెరపించు పదార్థముగా దీనిని మొదట గుర్తించిన స్టాన్లీ కోహెన్ 1986లో రీటా లెవీ మొంటాల్చినీతో నోబెల్ బహుమానమును పంచుకొనెను. దానినే ప్రాణవాయువు కొరతకు లోనైన యెలుకపిల్లలకు ముక్కుద్వారా ఇయ్యగా మెదడులోని తెల్లపదార్థము కోలుకొనెనని 2014లో ప్రకటింపబడినది.

అయితే విత్తు మొలచుట వేరు, గింజ గాదెకు చేరుట వేరు. పుట్టిన క్రొత్త కణములలో పెక్కు నశించును. మిగిలి నాడీకణములై పనికివచ్చునవి స్వల్పము. ఎలుకకు మేలైనది మనిషికి మేలగుననియు లేదు. ఎరిత్రోపొయిటిన్ అను కారకమును అమెరికాలో 500 మంది శిశువులపై పరీక్షించి, శరీరమును చల్లబరచు చికిత్సకు అది తోడైనందున లాభము కానరాలేదని 2022లో తేల్చిరి.

ఆ చల్లబరచు చికిత్స సంగతియు వినదగినది. పుట్టిన 6 గంటల లోపల మొదలుపెట్టి 72 గంటలు శిశువు దేహమును 33, 34 డిగ్రీల నడుమ నుంచుట పాశ్చాత్యదేశములలో మేలుచేసినది. భారత, శ్రీలంక, బంగ్లాదేశములలో 408 మంది శిశువులపై జరిపి 2021లో వెల్లడించిన హెలిక్సు పరీక్షలో మాత్రము, చల్లబరచినవారిలో నూటికి 42 మందియు, చల్లబరచనివారిలో నూటికి 31 మందియు మరణించిరి. మన దేశపు బిడ్డలకు తగిన వైద్యమును మన దేశమందే పరీక్షించి తేల్చుకొనవలెననుటకు ఇంతకన్న నిదర్శన మేల?

ఇట్టిచో మూలకణముల పేరు చెప్పి లక్షలు గుంజువారిని నమ్ముట యెట్లు? రక్తవ్యాధుల చికిత్స వంటి వానికి దప్ప మూలకణములను అనుమతి గల పరీక్షలందే వాడవలెననియు, పరీక్షలో చేరిన రోగి నుండి సొమ్ము గైకొనరాదనియు భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళిలో శాసించినది. సొమ్మడిగిన చోటనే సందేహింపవలెను. ఎవరి బిడ్డ బొడ్డుతాడు నెత్తురును వారికొరకే రుసుమిచ్చి దాచుటకును ఆ మండలి ఆమోదము లేదు.

చేయదగినది చేరువలోనే యున్నది. పుట్టిన ప్రతి పదిమందిలో ఇంచుమించు ఒక్కరికి ఊపిరి తీయుటకు కొంత సాయము కావలెను. ఒడలు తుడిచి, వెచ్చగా నుంచి, అప్పటికిని ఊపిరి తీయనిచో మొదటి నిమిషము దాటకుండ రబ్బరుసంచి, ముసుగుతో గాలి యందించిన చాలును, పెక్కురు తేరుకొందురు. ఇందులకు వలయునది స్వల్పవ్యయముతో లభించు పరికరము, అభ్యాసముగల చేయి. కోదాడ నుండి హైదరాబాదు 150 కిలోమీటర్లకు పైమాటే. అంతదూరపు పెద్దాసుపత్రి ఆ నిమిషమునకు అందునది కాదు. కాన్పు జరుగు గదిలోనే, అర్ధరాత్రియైనను, నేర్చిన నర్సు ఉండవలెను. నేర్చినది మరువకుండ ఏటేట మరల అభ్యాసము చేయింపవలెను. ప్రభుత్వాసుపత్రులతో పాటు మిర్యాలగూడ, సూర్యాపేటలలోని ప్రైవేటు ప్రసూతిగృహములను గూడ ఈ కట్టడి క్రిందికి తేవలెను. కాన్పునకు పోవు గృహస్థులు గదిసౌకర్యముల నడుగుటకు ముందు, బిడ్డ ఏడువకున్న ఊపిరి పోయువారెవరని అడుగుట మేలు.

దెబ్బతిన్న బిడ్డలనైన విడువరాదు. పసిమెదడు లొంగెడి కాలము తొలి రెండు మూడేండ్లు. ఎదుగుదల లోపములను కనిపెట్టుటకు 2013లో జాతీయ బాలస్వాస్థ్య కార్యక్రమము మొదలైనది. కాని ఇంటివారు "కొందరు ఆలస్యముగా నడతురులే" యని ఊరకుండినచో ఏ కార్యక్రమ మేమి చేయగలదు? సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. 2016 నాటి జిల్లాల విభజనమున మిర్యాలగూడ నల్లగొండలోను, కోదాడ సూర్యాపేటలోను నిలిచినను, బిడ్డల కష్టమునకు ఎల్లలు లేవు. ఈ మూడు పట్టణములలో పుట్టి ఊపిరాడక బాధపడిన ప్రతి శిశువు పేరును నమోదుచేసి, రెండేండ్లు నిండువరకు మూడేసి నెలలకొకమారు పరీక్షించు భారమును ఆ కళాశాల వహింపవలెననియు, పేర్లు బయటపెట్టక ఆ లెక్కను మాత్రము ఏటేట ప్రకటింపవలెననియు మేము కోరుచున్నాము.